పుట్టిల్లు మరచిన బెంచ్‌మార్కులు

లెవలింగ్ చేసే సర్వేయరుకు బెంచ్‌మార్క్ అంటే చేత్తో తాకి చూడగల వస్తువు. రాతి మీదో, వంతెన గోడ మీదో చెక్కిన గుర్తు; సముద్రమట్టం నుంచి దాని ఎత్తెంతో ముందే తేల్చి రాసిపెట్టి ఉంటుంది. దాని మీద స్టాఫ్ (కొలత గీతలున్న కర్ర) నిలబెట్టి బ్యాక్‌సైట్ (ఎత్తు తెలిసిన చోట తీసే రీడింగు) తీసుకుని, అక్కణ్ణుంచి ఒక్కో పాయింటు ఎత్తూ లెక్కగట్టుకుంటూ పోతాడు. మొదటి గుర్తు ఎత్తు పావు మీటరు తప్పుగా రాసుకుంటే కాలువ పొడుగునా ప్రతి ఎత్తూ పావు మీటరు తప్పే. ఫీల్డ్ బుక్కులో మాత్రం అనుమానం రాదు. బ్యాక్‌సైట్ల మొత్తంలోంచి ఫోర్‌సైట్ల (పరికరం కదిపేముందు తీసే చివరి రీడింగుల) మొత్తం తీసేసే తనిఖీ కూడా చక్కగా సరిపోతుంది. అందుకే పని తెలిసినవాడు ఇంకో బెంచ్‌మార్కు దగ్గర ముగిస్తాడు, తప్పు అక్కడ బయటపడుతుంది.

పరిశోధనల్లోకి వచ్చేసరికి ఈ మాటలో రాయి పోయి అంకెలు మిగిలాయి. ఫలానా డేటాసెట్, ఫలానా టెస్ట్ సిస్టమ్, ఫలానా ప్రామాణిక సమస్య. అందరూ దాని మీదే తమ పద్ధతిని నడిపి, వచ్చిన అంకెను పట్టికలో పెడతారు. మరోవైపు కేస్ స్టడీ ఉంది: ఒక ఊరు, ఒక రోగి, ఒక వంతెన, ఒక ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వెళ్లే కరెంటు లైను). మెథడాలజీ పాఠాల్లో ఈ రెండూ వేరు వేరు అధ్యాయాలు. నా వాదన ఏమిటంటే బెంచ్‌మార్కులు చాలావరకు ఒకప్పటి కేస్ స్టడీలే. ఎక్కడ పుట్టాయో, ఎవరు ఎందుకు కొలిచారో మరిచిపోయాక వాటికి బెంచ్‌మార్క్ అని పేరు పడింది. పుట్టు పూర్వోత్తరాలు తెలియకుండా వాడితే ఏమవుతుందో చెప్పడానికి నేను ఎంచుకునేది మన ఇంజినీరింగ్ కాలేజీల ట్రిపుల్ఈ (ఎలక్ట్రికల్) విభాగాల్లో ఎం.టెక్ ప్రాజెక్టుల నుంచి పీహెచ్‌డీల దాకా అరిగిపోయిన ఉదాహరణ.

ఐఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం) పేరున్న 14 బస్ సిస్టమ్ మీద లోడ్ ఫ్లో చెయ్యని పవర్ సిస్టమ్స్ విద్యార్థి ఉండడు. బస్ అంటే లైన్లు కలిసే చోటు; లోడ్ ఫ్లో అంటే ఏ బస్సు దగ్గర వోల్టేజీ ఎంత, ఏ లైనులో కరెంటు ఎంత అని లెక్కగట్టడం. మొత్తం లోడు 259 మెగావాట్లు, 20 బ్రాంచీలు. ఇది ఊహించి గీసిన బొమ్మ కాదు. అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతంలోని అమెరికన్ ఎలక్ట్రిక్ పవర్ నెట్‌వర్కులో ఒక ముక్క, 1962 ఫిబ్రవరిలో ఉన్నది ఉన్నట్టు. 118 బస్ అదే సంవత్సరం డిసెంబరు నాటిది. ఆ డేటాలో లైన్ల గరిష్ఠ సామర్థ్యాలు లేవు. 118 బస్ మీద కంజెషన్ (లైన్ల మీద మోయలేనంత భారం) పరిష్కరించామనే పేపర్లలో లైన్ లిమిట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూడండి. ఎవరో ఒకరు వేసుకున్నవే. ఒకరి లిమిట్లు ఇంకొకరివి కానప్పుడు వాళ్లిద్దరూ ఒకే బెంచ్‌మార్కు వాడారని ఎలా అంటాం?

అసలు కథ 33 బస్ దగ్గర ఉంది. ఫీడర్ రీకాన్ఫిగరేషన్ (స్విచ్‌లు తెరిచి మూసి కరెంటు వెళ్లే దారి మార్చడం) కానివ్వండి, కెపాసిటర్లు ఎక్కడ పెట్టాలనేది కానివ్వండి, సోలార్ ప్లాంటు ఏ బస్సు దగ్గర కలపాలనేది కానివ్వండి, అన్నిటికీ ఇదే. పేరేమో ఐఈఈఈ 33 బస్ అంటారు కానీ ఇది ఐఈఈఈ కమిటీ ఇచ్చిన టెస్ట్ ఫీడర్ కాదు. బారన్, వూ అనే ఇద్దరు 1989లో ఐఈఈఈ పత్రికలో అచ్చేసిన పేపర్లోది. కమిటీ ఇచ్చిన ఫీడర్లంటే 4, 13, 34, 37, 123 నోడ్‌ల వంటివి. వాటిలో మూడు ఫేజులూ విడివిడిగా, అన్‌బ్యాలెన్స్‌తో సహా ఉంటాయి. 33 బస్ మూడు ఫేజులనూ ఒకే గీతగా చూపే సింగిల్ లైన్ బొమ్మ: 12.66 కేవీ, 3,715 కిలోవాట్లు, 2,300 కేవీఏఆర్ (రియాక్టివ్ లోడు), 32 లైన్లు, 5 టై స్విచ్‌లు (మామూలుగా తెరిచి ఉండే అదనపు లింకులు).

ఏ మార్పూ చెయ్యని బేస్ కేసులో దీని నష్టం (లైన్లలో వేడిగా పోయే కరెంటు) ఎంత? కొన్ని పేపర్లలో 202.67 కిలోవాట్లు, అట్టడుగు వోల్టేజీ, పూర్తి వోల్టేజీని 1 అనుకుంటే, 18వ బస్సు దగ్గర 0.9131. మరికొన్నిటిలో 210.98 కిలోవాట్లు, 0.9038. లోడ్లు అవే, ఫీడర్ అదే. తేడా దాదాపు పూర్తిగా ఒక్క లైనులో ఉంది. 7 నుంచి 8వ బస్సుకు వెళ్లే లైను ఇంపెడెన్స్ ఒక పట్టికలో 0.7114, 0.2351 ఓములు, ఇంకో పట్టికలో 1.7114, 1.2351. రెసిస్టెన్సుకు ఒకటి, రియాక్టెన్సుకు ఒకటి అదనం. చూపు జారితే తగిలే తేడా.

దీన్ని కాగితం మీద సరిచూసుకోవచ్చు. 8 నుంచి 18 దాకా బస్సుల లోడ్లు కూడితే 875 కిలోవాట్లు, 410 కేవీఏఆర్. అంటే 966 కేవీఏ. అక్కడి వోల్టేజీ 11.9 కేవీ దరిదాపుల్లో ఉంటుంది. 966ని 11.9తో భాగించి వర్గం చేసి ఒక ఓముతో గుణిస్తే 6.6 కిలోవాట్లు. మిగిలిన కిలోవాటున్నర పైచిలుకు ఎలా వచ్చిందంటే, వోల్టేజీ తగ్గేసరికి అదే లోడుకు ప్రతి లైనులోనూ కరెంటు కాస్త పెరిగింది. మొత్తం 8.31 కిలోవాట్లు, నాలుగు శాతం. ఈ రంగంలో ఒక అల్గారిథమ్ ఇంకోదాన్ని ఓడించిందని చెప్పుకునే తేడా చాలాసార్లు ఒక శాతం కూడా ఉండదు. ఒకరు 202.67 నుంచి మొదలుపెట్టి, ఇంకొకరు 210.98 నుంచి మొదలుపెట్టిన అంకెలను ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి కింద ‘ప్రతిపాదిత పద్ధతి మెరుగు’ అని రాస్తే, ఆ మెరుగు అల్గారిథమ్‌దో 7–8 లైనుదో ఎవరు చెప్పగలరు?

ఇంకో సంగతి కూడా ఇక్కడే చూడాలి. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 54వ నియమం ప్రకారం హైటెన్షన్ వోల్టేజీ 9 శాతానికి మించి పడకూడదని ఉండేది. 0.9131 అంటే 8.69 శాతం పడింది, గట్టెక్కింది. 0.9038 అంటే 9.62 శాతం, నియమం తప్పింది. ఒక్క అంకె అటూ ఇటూ అయితే అదే ఫీడర్ ఒక థీసిస్‌లో పాసవుతుంది, పక్క థీసిస్‌లో తప్పుతుంది.

ఇక రీకాన్ఫిగరేషన్. 37 బ్రాంచీల్లో 5 తెరిచి, లూపులు లేకుండా అన్ని బస్సులకూ కరెంటు అందేలా చూడాలి, నష్టం అతి తక్కువ కావాలి. 202.67 డేటాతో జవాబు ఏనాడో తేలిపోయింది: 7, 9, 14, 32, 37 తెరిస్తే 139.55 కిలోవాట్లు. అయినా ఏటా కొత్త జంతువు పేరుతో ఒక అల్గారిథమ్ వచ్చి ఇదే 139.55ని మళ్లీ కనిపెడుతుంది. తోడేళ్లు, తిమింగలాలు, గబ్బిలాలు అయిపోయాయి, జూలో ఇంకా చాలా మిగిలాయి.

గుడ్డిగా 37లో 5 ఎంచుకుంటే 4,35,897 రకాలు. వాటిలో నిజంగా రేడియల్‌గా ఉండేవి (లూపులు లేకుండా అన్ని బస్సులనూ కలిపేవి) 50,751 మాత్రమే. ఇది అంచనా కాదు. ఐదు లూపుల ఉమ్మడి బ్రాంచీలను లెక్కపెట్టి ఐదు వరుసల మాట్రిక్స్ వేసి డిటర్మినెంట్ తీస్తే కచ్చితంగా ఇంతే వస్తుంది, ఓపికుంటే చేత్తో కూడా తీయొచ్చు. ఒక్కో లోడ్ ఫ్లోకి 10 మిల్లీసెకన్లు వేసుకున్నా మొత్తం 50,751నీ తొమ్మిది నిమిషాల్లోపు పరీక్షించి, అసలైన కనిష్ఠం ఇదీ అని తేల్చేయొచ్చు. ఇప్పుడు ‘తెలివైన’ అల్గారిథమ్ ఏం చేస్తుందో చూడండి. 50 మంది జనాభా (ఒకేసారి పరీక్షించే 50 జవాబులు), 100 ఇటరేషన్లు, నమ్మకం కోసం 30 సార్లు: 1,50,000 లోడ్ ఫ్లోలు. అన్నీ వరసగా వెతకడానికి పట్టేదానికి మూడింతలు. గడ్డివాములో సూదిని వెతికే యంత్రం కొని, దాన్ని గుప్పెడు గడ్డి మీద పరీక్షించినట్టుంది. ఈ సైజు సమస్య ఏ రెండు అల్గారిథమ్‌లనూ వేరు చెయ్యలేదు.

అయితే 33 బస్ పనికిరానిదని నేననను. దాని పని వేరు. మీరు కొత్తగా రాసిన లోడ్ ఫ్లో ప్రోగ్రాము సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా చవకైన తనిఖీ లేదు. లోడ్లు కూడండి, 3,715 రావాలి. నష్టం, అట్టడుగు వోల్టేజీ చూడండి. 202.67 రాకపోతే ముందు 7–8 లైను, తర్వాత పర్ యూనిట్ బేస్ (వోల్టేజీలను దేనితో భాగించారో), ఆ తర్వాత టై స్విచ్‌లు పొరపాటున మూసి ఉన్నాయేమో చూడండి. ద్రవగతిశాస్త్రం వాళ్లు ఈ పని ఎప్పట్నుంచో చేస్తున్నారు. పై మూత మాత్రమే కదిలే చతురస్రపు పెట్టెలో ద్రవం ఎలా సుడి తిరుగుతుందో ఘియా దంపతులు, షిన్ 1982లో రేనాల్డ్స్ సంఖ్య (ద్రవం జడత్వానికీ జిగటకూ నిష్పత్తి) 100 నుంచి 10,000 దాకా లెక్కగట్టి పట్టికలుగా ఇచ్చారు. ఇవాళ్టికీ ద్రవాల కదలికను లెక్కగట్టే కొత్త సీఎఫ్‌డీ కోడ్ రాసినవాడు మొదట మధ్యగీత వెంట వేగాలను ఆ పట్టికతో పోల్చుకుంటాడు. సరిపోయిందని ‘నా పద్ధతి గొప్పది’ అనడు, ‘తప్పులు లేవు, ముందుకెళ్దాం’ అంటాడు. ఈ వినయం మా పవర్ సిస్టమ్స్ వాళ్లకు ఇంకా అబ్బలేదు.

మెషిన్ లెర్నింగ్‌లో పరిస్థితి మిశ్రమం. ఐరిస్ పూల డేటా, 150 పూలు, మూడు జాతులు. గణాంకవేత్త ఫిషర్ 1936లో వాడిన ఈ కొలతలు ఆండర్సన్ అనే వృక్షశాస్త్రవేత్తవి. రెండు జాతులు ఒకేచోట కలిసి పెరిగినవి, మూడోది వేరే చోటిది. ఆ ముక్క ఫిషర్ తన పేపర్లోనే చెప్పాడు. ఇంటర్నెట్లో ఎక్కువగా తిరిగే ప్రతిలో 35, 38 వరుసలు ఆ పేపర్‌తో సరిపోవు. బోస్టన్ ఇళ్ల ధరల డేటా 506 వరుసలది. అందులో ఒక నిలువు వరుస నల్లజాతి జనాభా నిష్పత్తిలోంచి 0.63 తీసేసి వర్గం చేసినది. ఇంటి ధరకూ మనుషుల రంగుకూ ఉన్న సంబంధం గురించి 1978లో ఎవరో చేసుకున్న ఊహను ఏళ్ల తరబడి పాఠాల్లో మారు మాట లేకుండా నడిపారు. చివరికి సైకిట్ లెర్న్ లైబ్రరీ 1.2 వెర్షన్‌లో దాన్ని తీసేసింది.

బొమ్మల్ని గుర్తించే మోడళ్లను పరీక్షించే ఇమేజ్‌నెట్ విషయంలో నా వాదనకు అడ్డొచ్చే సాక్ష్యం ఒకటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 2019లో కొందరు అదే పద్ధతిలో కొత్త టెస్ట్ బొమ్మలు పోగుచేసి పాత మోడళ్లను వాటి మీద పరీక్షించారు. కచ్చితత్వం 11 నుంచి 14 శాతం దాకా పడిపోయింది. కానీ మోడళ్ల వరుసక్రమం దాదాపు చెక్కుచెదరలేదు. పాతదాని మీద ముందున్నదే కొత్తదాని మీదా ముందుంది. అంటే ఆ పాత టెస్ట్ సెట్ చెప్పే అంకెను నమ్మొద్దు కానీ ఎవరు ముందో ఎవరు వెనకో చెబితే నమ్మొచ్చు. పెద్ద, వైవిధ్యమున్న బెంచ్‌మార్కుకూ 33 బస్సుకూ తేడా ఇక్కడే.

తెలుగు విషయానికొస్తే పుట్టిల్లు ఇంకా ముఖ్యం. యంత్రానువాదాన్ని కొలిచే ఫ్లోర్స్ బెంచ్‌మార్కులో తెలుగు వాక్యాలు ఇంగ్లీషు వికీ పేజీల నుంచి ఏరిన 3,001 వాక్యాలకు అనువాదాలు. అంటే అక్కడ ‘సరైన జవాబు’గా ఉన్న తెలుగు పుట్టుకతో తెలుగు కాదు, తర్జుమా తెలుగు. ఇంగ్లీషు వాక్యం నడకను అలాగే మోసే యంత్రానికి అక్కడ మార్కులు పడే అవకాశం ఎక్కువ. 2020లో వచ్చిన టైడై క్యూఏ అనే ప్రశ్న-జవాబుల బెంచ్‌మార్కులో తెలుగు ప్రశ్నలు తెలుగువాళ్లే, జవాబు చూడకుండా, తెలుసుకోవాలనుకున్నవి అడిగారు. రెండిటికీ ‘తెలుగు బెంచ్‌మార్క్’ అనే పేరే. ఒకదానిలో వచ్చిన స్కోరు రెండోదాని గురించి చెప్పేది తక్కువ.

ఇప్పుడు అవతలి పక్క. కేస్ స్టడీని చులకనగా చూడటం మనకు అలవాటు. ‘ఒక్కటే కదా’ అంటారు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో ఒక దోమ కడుపు కోసి అందులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమ హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగినది. మర్నాడు కోసిన ఇంకో దోమలో అవే కణాలు ఇంకాస్త పెద్దవై కనిపించాయి. నమూనా సైజు రెండు! కానీ అడిగిన ప్రశ్న ‘దోమ ఒంట్లో ఈ జీవి పెరగగలదా’ అన్నది. దానికి ఒక్క దోమ చాలు. ‘నూటికెన్ని దోమల్లో ఉంటుంది’ అని అడిగి ఉంటే రెండు దోమలు ఎందుకూ కొరగావు. 1971లో బోస్టన్‌లో యువతులకు అరుదైన యోని క్యాన్సర్ వచ్చిన 8 కేసులు చూశారు. ఎనిమిది మందిలో ఏడుగురి తల్లులు గర్భంతో ఉన్నప్పుడు స్టిల్‌బెస్ట్రాల్ మందు వాడారు. పోలికకు తీసుకున్న 32 మంది తల్లుల్లో ఒక్కరూ వాడలేదు. ఎనిమిది కేసులే, కానీ ప్రతి కేసుకూ నలుగురిని పోల్చి పెట్టారు. ఆ 32 మంది లేకపోతే అది అనుమానంగానే మిగిలేది.

మన థీసిస్‌లలో ‘కేస్ స్టడీ’ అనే శీర్షిక కింద ఉండేది తరచుగా మళ్లీ 33 బస్సే, ఒక్కోసారి 69 బస్. అది కేస్ స్టడీ కాదు. తెలంగాణలోనో రాయలసీమలోనో ఒక 11 కేవీ వ్యవసాయ ఫీడర్ తీసుకుంటే అది కేస్ స్టడీ. అప్పుడు 33 బస్సులో లేని సంగతులన్నీ తగులుతాయి. ఆ బొమ్మలో ప్రతి లోడూ స్థిరం. ఊళ్లో కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగేలా రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకుంటారు. సరఫరా వచ్చిన క్షణంలో మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, వోల్టేజీ కుప్పకూలుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల వ్యవసాయ సరఫరా మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను బతిమాలుకోవాల్సి వచ్చింది. ఏ బస్ డేటాలోనూ ఆటో స్టార్టరుకు నిలువు వరుస లేదు.

ఇలాంటి ఫీడర్ మీద పని ఎక్కడ చెడుతుందంటే కొలతల్లో. నష్టం అంటే సబ్‌స్టేషన్‌లో ఫీడర్ మీటరు చూపిన యూనిట్లలోంచి డీటీఆర్ (డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్) మీటర్ల యూనిట్లు తీసేస్తే మిగిలేది. ఫీడర్ మీటరు ఒకటో తారీఖున చూసి, డీటీఆర్లు ఒకటి నుంచి ఆరు దాకా తిరిగి చూస్తే, ఒక నెల నష్టం పాతిక శాతం, మర్నెల మైనస్ రావచ్చు. మైనస్ వచ్చిన నెలను ‘ఔట్‌లయర్’ అని కొట్టేసి పాతిక శాతాన్ని ఉంచుకోవడం అన్నిటికన్నా చెడ్డ తప్పు, ఎందుకంటే రెండిటికీ కారణం ఒకటే. సీటీ (మీటరు కొలవగలిగేంతకు కరెంటును తగ్గించే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) మార్చి రెట్టింపు నిష్పత్తిది పెట్టి, రీడింగును గుణించే మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్ మార్చకపోతే ఆ డీటీఆర్ పరిధి అంతా సగం కరెంటు దొంగతనమైనట్టు కనిపిస్తుంది. లైను ఇంపెడెన్సుకు కాగితం మీది కండక్టరు సరిపోదు. తెగినచోట అతుకేసి రాబిట్ అనే కండక్టరు మధ్యలో అంతకన్నా సన్నని వీజల్ కలిపిన స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య తీగలు) లైన్‌మన్‌కే తెలుస్తాయి, కాబట్టి అతనితో లైను పొడుగునా నడవాలి. వ్యవసాయ సర్వీసులకు మీటర్లు లేనిచోట మోటారు లోడు హార్స్‌పవర్ నుంచి అంచనా కడతాం. నేమ్‌ప్లేటు మీద 5 ఉంటుంది, రివైండ్ చేసిన మోటారు లాగేది ఇంకేదో. క్లాంప్ మీటరుతో ఓ ఇరవై మోటార్లయినా చూసి, అంచనాకూ కొలతకూ ఉన్న తేడాను అలాగే రాయాలి. యాసంగిలో ఫిబ్రవరి, మార్చి లోడు వేరు, వానాకాలపు ఆగస్టు లోడు వేరు; ఒక్క రోజు కొలిచి ఏడాదికి వర్తింపజేస్తే అది కేస్ స్టడీ కూడా కాదు.

కేసును ఎంచుకున్న కారణం ఫలితం చూడకముందే రాసిపెట్టుకోవాలి. ‘మా ఊరి ఫీడర్, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారు ఒప్పుకున్నారు’ అనేది నిజాయితీ ఉన్న కారణమే, రాయండి. దాన్ని ‘ప్రాతినిధ్య ఫీడర్’ అని పిలిస్తేనే అబద్ధం.

స్విట్జర్లాండులో జడ్24 అనే కాంక్రీటు వంతెన ఉండేది. 1998లో కూల్చేసే ముందు దాదాపు ఏడాది పాటు దాని కంపనాలు కొలిచారు, తర్వాత ఒక క్రమంలో దాన్ని కావాలనే దెబ్బతీస్తూ మళ్లీ కొలిచారు. అంటే అది కేస్ స్టడీగానే పుట్టింది, తర్వాత ఆ రంగమంతటికీ బెంచ్‌మార్కు అయింది. అందులో తేలిన గొప్ప సంగతి దెబ్బ గురించి కాదు, చలి గురించి. ఉష్ణోగ్రత సున్నా కిందికి పోతే వంతెన మీది తారు గట్టిపడి సహజ పౌనఃపున్యాలు పైకెగిరాయి. ఆ ఎగుడుదిగుడు దెబ్బ తెచ్చే మార్పును మింగేసేంతది. ఉష్ణోగ్రత వరుసను పారేసి కంపనాలే ఉంచుకుని ఉంటే, చలికాలంలో వంతెన బాగుపడిందని చెప్పే అల్గారిథమ్‌లు పుట్టేవి. ఆ డేటా ఇంకా పనికొస్తోందంటే కారణం, కేసుకు సంబంధించిన గాలి, ఎండ, చలి అన్నీ దానితో పాటే భద్రపరిచారు కాబట్టి.

మన 11 కేవీ ఫీడర్లలో ఒక్కదానికైనా ఇలాంటి ఫైలు తయారుచేయడం ఒక ఎం.టెక్ విద్యార్థి రెండు సీజన్లలో చేయగల పని: స్పాన్ల వారీగా కండక్టరు, పదిహేను నిమిషాలకోసారి ఫీడర్ లోడు, మోటార్ల కొలతలు, సరఫరా ఇచ్చిన వేళలు, సీటీ మార్చిన తేదీలు. పేర్లు, సర్వీసు నంబర్లు తీసేసి, వెర్షన్ నంబరుతో బయట పెట్టాలి. అంతవరకూ 33 బస్సే దిక్కు. కాబట్టి ఈసారి వైవాలో అల్గారిథమ్ పేరు అడిగేముందు, 7–8 లైనుకు ఎన్ని ఓములు వేశారో అడగండి.